నింపే వరస: ఎంబీబీఎస్ సీట్ల స్లైడింగ్, బ్రెజిల్ కోటా చట్టం – ఒక కేస్ స్టడీ

రిజర్వేషన్ల మీద మన రెండు రాష్ట్రాల్లో జరిగే వాదోపవాదాలు దాదాపు ఎప్పుడూ శాతాల చుట్టూనే తిరుగుతాయి. బీసీలకు 29, ఎస్సీలకు 15, ఎస్టీలకు ఆంధ్రప్రదేశ్‌లో 6, తెలంగాణలో 2022 నుంచి 10 అన్న అంకెలు ఈ విషయం మీద ఆసక్తి ఉన్న అందరికీ కంఠతా వచ్చు. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ బీసీల వాటాను 42 శాతానికి పెంచే బిల్లును ఆమోదించినప్పుడు కూడా చర్చ అంతా ఆ ఒక్క అంకె మీదే నడిచింది. వైద్య విద్య కౌన్సెలింగ్‌లో మొదట సర్టిఫికెట్ల పరిశీలన బల్ల దగ్గర, తర్వాత సీట్ల కేటాయింపు విభాగంలో పని చేసిన నాకు మాత్రం, శాతం కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉందని గట్టి నమ్మకం. ఏ సీట్లను ముందు నింపుతారు, ఏ సీట్లను తర్వాత నింపుతారు, ఒక అభ్యర్థి ఒక కోటా నుంచి ఇంకో కోటాకు మారితే ఖాళీ అయిన సీటు ఎవరికి వెళ్తుంది? శాతంలో దశాంశం కూడా కదపకుండా, ఈ వరసను మార్చి ఒక వర్గానికి దక్కే సీట్ల సంఖ్యను పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఆ మార్పు కౌన్సెలింగ్ హాలు దాటి బయటికి కనపడదు కూడా.

ఈ కేస్‌లో నేను పరిశీలిస్తున్నది ఎంబీబీఎస్ కన్వీనర్ కోటా సీట్లలో, అంటే కౌన్సెలింగ్ ద్వారా మెరిట్ మీద నింపే సీట్లలో, ‘స్లైడింగ్’ అని పిలిచే వ్యవహారం. ఇంజినీరింగ్‌లో ఒకే కాలేజీలో బ్రాంచి మారడాన్ని ఇంటర్నల్ స్లైడింగ్ అంటారు, అది వేరే సంగతి. ఇక్కడ మాట్లాడుతున్నది, ఓపెన్ మెరిట్‌లోనే సీటుకు అర్హత సాధించిన రిజర్వుడు వర్గాల విద్యార్థి, ఇంకా మంచి కాలేజీ కోసం తన కేటగిరీ సీటులోకి మారడం గురించి. ఇదే చిక్కు మరో రూపంలో బ్రెజిల్‌ను పదేళ్లకు పైగా వేధించింది గనుక, ఆ దేశపు అనుభవాన్ని కూడా దీనితో పోల్చి చూస్తాను.

మూల సూత్రంలో వివాదం లేదు. 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు తేల్చిన ప్రకారం, రిజర్వుడు వర్గానికి చెందిన అభ్యర్థి సొంత మెరిట్‌తో ఓపెన్‌లో ఎంపికైతే, అతణ్ణి ఆ వర్గపు కోటాలో లెక్కించకూడదు. ఓపెన్ అంటే మిగిలిన కులాల కోటా కాదు, అందరికీ తెరిచి ఉన్న జాబితా. అందుకే మన కౌన్సెలింగ్‌లో మొదటినుంచీ ఓపెన్ సీట్లను ముందు మెరిట్ వరసలో నింపి, ఆ తర్వాత ఒక్కో కేటగిరీకి వెళ్తాం. ఎంపిక అయ్యారా లేదా అన్న ఒక్క ప్రశ్నే ఉంటే వ్యవహారం ఇక్కడితో ముగిసేది. కానీ ఎంబీబీఎస్‌కు ఒకే మెరిట్ జాబితా ఉంటుంది, దాని కింద పదుల కొద్దీ కాలేజీలు ఉంటాయి. ఉస్మానియాలో సీటూ, నిన్నగాక మొన్న తెరిచిన జిల్లా కాలేజీలో సీటూ కాగితం మీద ఒకటే, తల్లిదండ్రుల దృష్టిలో మాత్రం కాదు.

ఒక చిన్న నమూనా తీసుకుందాం. అంకెలు కేవలం వివరణ కోసం వేసుకున్నవి. పది సీట్లు ఉన్నాయి, నగరంలోని కాలేజీలో ఐదు, దూరపు జిల్లాలో ఐదు. బీసీలకు నాలుగు సీట్లు కేటాయించారు, కాలేజీకి రెండు చొప్పున. మిగిలిన ఆరు ఓపెన్, కాలేజీకి మూడు చొప్పున. మెరిట్ జాబితాలో 3, 5, 8, 9, 11, 12 ర్యాంకుల వాళ్లు బీసీలు, తక్కినవాళ్లు ఏ రిజర్వేషనూ లేనివాళ్లు. అందరూ నగరమే కోరుకుంటున్నారు.

ఓపెన్ ముందు నింపితే 1, 2, 3 ర్యాంకుల వాళ్లకు నగరంలోనూ, 4, 5, 6 ర్యాంకుల వాళ్లకు జిల్లాలోనూ సీట్లు వస్తాయి. ఆ తర్వాత బీసీ కోటాలో 8, 9 ర్యాంకుల వాళ్లకు నగరంలో, 11, 12 ర్యాంకుల వాళ్లకు జిల్లాలో వస్తాయి. మొత్తం బీసీలు ఆరుగురు. ఇందులో అన్యాయం ఎక్కడుందో చూడగానే తెలుస్తుంది: ఐదో ర్యాంకు బీసీ విద్యార్థిని జిల్లాకు వెళ్తోంది, ఆమె కంటే వెనుక ఉన్న ఎనిమిదో ర్యాంకు బీసీ విద్యార్థి నగరంలో చదువుతాడు. ఓపెన్‌లో నెగ్గడమే ఆమెకు శిక్ష అయింది.

పాత పద్ధతిలో, అంటే అభ్యర్థులు హాలులోకి వచ్చి తెర మీద మిగిలిన సీట్లు చూసి ఎంచుకునే రోజుల్లో, ఈ ఘట్టం బల్ల దగ్గరే జరిగేది. బీసీ-డి విద్యార్థిని ఒకమ్మాయి తండ్రితో కలిసి వచ్చి నిలబడింది. తెర మీద ఓపెన్ సీట్లు దూరపు కాలేజీల్లోనే మిగిలాయి, బీసీ-డి వరసలో నగరం సీట్లు అన్నీ అలాగే ఉన్నాయి. అమ్మాయి ఏ మాత్రం తడుముకోకుండా నగరం అంది. తండ్రికి అనుమానం వచ్చింది. “సార్, ఓపెన్‌లో వచ్చిన సీటు వదులుకుంటే మా వాళ్ల సీటు ఒకటి తగ్గదా?” అని అడిగాడు. పక్కనే ఇంకొకాయన, ఓపెన్‌లో ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ పోతుందని ఆయనకు చెప్పి ఉన్నాడు. రీయింబర్స్‌మెంట్ కుల, ఆదాయ ధ్రువపత్రాల మీద ఆధారపడుతుందే తప్ప సీటు ఏ వరసలో వచ్చిందన్న దాని మీద కాదని చెప్పి ఆ భయం తీర్చగలిగాం. మొదటి ప్రశ్నకు జవాబు మాత్రం బల్ల దగ్గర ఉండదు. అది రిజిస్టర్‌లో ఏ గడిలో టిక్ పెడతారన్న దాని మీద ఉంటుంది. బీసీ-డి గడిలో టిక్ పెట్టి, ఆమె వదిలిన ఓపెన్ సీటును మామూలుగా తర్వాతి ర్యాంకుకు చూపిస్తే, ఆ తండ్రి అనుమానం నూటికి నూరుపాళ్లు నిజమవుతుంది.

నమూనాలోకి తిరిగి వెళ్దాం. ఐదో ర్యాంకు అమ్మాయి నగరంలోని బీసీ సీటులోకి మారింది. నగరంలో రెండో బీసీ సీటు ఎనిమిదో ర్యాంకుకు, జిల్లాలోని రెండు బీసీ సీట్లు 9, 11 ర్యాంకులకు వెళ్లాయి. జిల్లాలో ఆమె వదిలిన ఓపెన్ సీటు ఖాళీగా ఉంది. దాన్ని ఓపెన్ మెరిట్‌లో తర్వాత ఉన్న ఏడో ర్యాంకుకు ఇస్తే బీసీలు మొత్తం ఐదుగురే అవుతారు, పన్నెండో ర్యాంకు విద్యార్థి ఇంటికి వెళ్తాడు. దాన్ని పన్నెండో ర్యాంకు బీసీ విద్యార్థికే ఇస్తే స్లైడింగ్‌కు ముందున్నట్టే ఆరుగురు ఉంటారు. అప్పుడు ఏడో ర్యాంకు విద్యార్థి, తన కంటే ఐదు ర్యాంకులు వెనుక ఉన్నవాడు ఓపెన్ సీటులో కూర్చున్నాడని కోర్టుకు వెళ్తాడు. రెండు పక్షాలకూ చెప్పుకోవడానికి మాట ఉంది, అందుకే ఈ వ్యాజ్యాలు తెగవు.

సుప్రీంకోర్టు ఈ ముడిని మెల్లగా విప్పింది. 1996లో రితేశ్ సాహ్ కేసులో, మెరిట్‌తో ఎంపికైన రిజర్వుడు విద్యార్థి తన కేటగిరీ సీటున్న కాలేజీని ఎంచుకోవచ్చుననీ, అయినా లెక్కలో అతడు ఓపెన్ అభ్యర్థిగానే ఉంటాడనీ చెప్పింది. 2010లో సివిల్ సర్వీసుల విషయంలో రాజ్యాంగ ధర్మాసనం రమేశ్ రామ్ కేసులో దీనికి భిన్నమైన దారి పట్టింది: కోటాలోకి మారిన అభ్యర్థిని కోటాలోనే లెక్కించి, ఖాళీ అయిన పోస్టును జనరల్ అభ్యర్థికి ఇవ్వాలంది. ఉద్యోగాలకూ కాలేజీ ప్రవేశాలకూ ఉన్న తేడాను కూడా అదే తీర్పులో ఎత్తి చూపింది. 2018లో బీహార్ పీజీ వైద్య సీట్లకు సంబంధించిన త్రిపురారి శరణ్ కేసులో విషయం స్పష్టపడింది. మెరిట్ అభ్యర్థి కోటా సీటు తీసుకున్నందువల్ల నష్టపోయే చివరి రిజర్వుడు అభ్యర్థికే, ఆ మెరిట్ అభ్యర్థి వదిలిన సీటు దక్కాలి. అలా చేస్తే మొత్తం రిజర్వేషన్ 50 శాతం దగ్గరే నిలుస్తుంది.

మన దగ్గర ఈ నియమం అంతకు చాలా ముందే ఉంది. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 550 సారాంశం ఇదే: రిజర్వుడు విద్యార్థి ఓపెన్ సీటు వదిలి కేటగిరీ సీటుకు మారితే, ఖాళీని అదే కేటగిరీ విద్యార్థితో నింపాలి. ఆ జీవో పలుమార్లు హైకోర్టు గడప ఎక్కింది. కొన్ని సంవత్సరాల్లో అమలు కాలేదని బీసీ, ఎస్సీ, ఎస్టీ విద్యార్థి సంఘాలు, అమలు చేశారని ఓపెన్ అభ్యర్థులు ఆందోళన చేశారు. వార్తల్లో ‘జీవో 550’ అన్న మాట వచ్చినప్పుడల్లా జనం దాన్ని రిజర్వేషన్ పెంచే ఉత్తర్వు అనుకోవడం నేను చూశాను. అది పెంచదు, తరగకుండా ఆపుతుంది.

అయితే జీవోను అక్షరాలా అమలు చేస్తే మరో ఇబ్బంది ఎదురవుతుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కాలేజీలు రెండే ఉన్న నా నమూనాలో అది కనపడదు, మూడో కాలేజీ చేర్చగానే బయటపడుతుంది. ఐదో ర్యాంకు అమ్మాయి వదిలినది మధ్యస్థంగా ఉన్న కాలేజీలోని సీటు అనుకుందాం. ఓపెన్‌లో ఆరో ర్యాంకు విద్యార్థికి అన్నింటికంటే దూరపు కాలేజీ వచ్చింది. ఖాళీ అయిన ఆ సీటునే నేరుగా పన్నెండో ర్యాంకు బీసీ విద్యార్థికి ఇస్తే, ఆరో ర్యాంకు వాడి కంటే ఆరు ర్యాంకులు వెనుక ఉన్నవాడు, అదే ఓపెన్ వరసలో, మెరుగైన కాలేజీలో చేరతాడు. ఇందులో ఆరో ర్యాంకు విద్యార్థి ఫిర్యాదు న్యాయమైనదే. ఖాళీ సీటును ముందు ఓపెన్ వరసలో కిందున్న వాళ్లకు పైకి జరగడానికి చూపించి, ఆ జరుగుబాటు ముగిశాక చివర మిగిలిన సీటును కేటగిరీకి ఇస్తే, ఎవరి సంఖ్యా తగ్గదు, ఎవరి ర్యాంకూ తలకిందులు కాదు. కాపాడవలసినది ఫలానా కాలేజీలోని ఫలానా సీటును కాదు, కేటగిరీకి రావలసిన సంఖ్యను. ఇది నా అభిప్రాయం. చేతితో నడిపిన కౌన్సెలింగ్‌లో ఇలా చేయడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే ఉదయం సీటు తీసుకుని వెళ్లిపోయిన అభ్యర్థిని సాయంత్రం వెనక్కి పిలవలేం. వెబ్ ఆప్షన్లు వచ్చాక, అందరి ఇష్టాలూ ముందే కంప్యూటర్‌లో ఉన్నాక, ఇది చేయకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు.

బ్రెజిల్ సంగతికి వస్తాను. అక్కడ రియో డి జనీరో రాష్ట్ర విశ్వవిద్యాలయం 2003లోనూ, బ్రసీలియా విశ్వవిద్యాలయం 2004లోనూ కోటాలు మొదలుపెట్టాయి. 2012 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీం ఫెడరల్ కోర్టు బ్రసీలియా విధానాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది. అదే ఏడు ఆగస్టులో వచ్చిన 12.711 సంఖ్య చట్టం ఫెడరల్ విశ్వవిద్యాలయాల్లో ప్రతి కోర్సులోనూ సగం సీట్లను ప్రభుత్వ హైస్కూళ్లలో చదివినవాళ్లకు కేటాయించింది. అందులో సగం, తలసరి కుటుంబ ఆదాయం ఒకటిన్నర కనీస వేతనానికి మించనివాళ్లకు. ఆ రెండు భాగాల్లోనూ నల్లజాతివారికి, మిశ్రమ వర్ణంవారికి, మూలవాసులకు ఆ రాష్ట్ర జనాభాలో వారి వాటా ప్రకారం సీట్లు. అందుకే బాహియాలో ఈ వాటా చాలా ఎక్కువ, దక్షిణాన సాంతా కతారీనాలో తక్కువ. మనకు తహసీల్దారు ఇచ్చే కుల ధ్రువపత్రం లాంటిది అక్కడ లేదు. అభ్యర్థి తన వర్ణాన్ని తానే ప్రకటించుకుంటాడు, చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక కమిటీ ఎదురుగా కూర్చోబెట్టి రూపాన్ని చూసి నిర్ధారిస్తుంది. 2007లో బ్రసీలియాలో ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరిని కోటాకు అర్హుడనీ మరొకరిని కాదనీ తేల్చడం దేశమంతటా దుమారం రేపింది. మన సర్టిఫికెట్ల బల్లను ఎంత తిట్టుకున్నా, ఆ పని మాకు లేనందుకు సంతోషించాలి.

పత్రికలు కవలల గురించి రాశాయి. నన్ను ఆకర్షించినది, ఎవరూ పెద్దగా పట్టించుకోని దరఖాస్తు ఫారం. అక్కడ ఎనెమ్ అనే జాతీయ పరీక్ష మార్కులతో, సీసు అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా ప్రవేశాలు జరుగుతాయి. 2012 చట్టాన్ని 2023లో సవరించేదాకా అభ్యర్థి దరఖాస్తు చేసేటప్పుడే ఓపెన్‌లో పోటీ పడతాడో, ఫలానా కోటాలో పోటీ పడతాడో ఎంచుకోవాల్సి ఉండేది. కోటా ఎంచుకున్నవాడికి ఎంత మార్కులొచ్చినా కోటా జాబితాలోనే పోటీ. నా నమూనాకు ఇది వర్తింపజేసి చూడండి. బీసీలందరూ జాగ్రత్త కోసం కోటా గడి నింపితే 3, 5, 8, 9 ర్యాంకులతో నాలుగు కోటా సీట్లూ నిండిపోతాయి, ఓపెన్‌లో 1, 2, 4, 6, 7, 10 ర్యాంకులు చేరతాయి. బీసీలు నలుగురే. రిజర్వేషన్ అదే 40 శాతం, చేరిన బీసీలు మాత్రం ఒక వరసలో ఆరుగురు, ఇంకో వరసలో ఐదుగురు, ఈ వరసలో నలుగురు. కనీస హామీగా ఇచ్చినది గరిష్ఠ పరిమితిగా మారిపోయింది.

బ్రెజిల్‌లో ఇది నమూనాలో మాత్రమే జరిగిన విషయం కాదు. కొన్ని కోర్సుల్లో కోటా కటాఫ్ ఓపెన్ కటాఫ్ కంటే పైన తేలింది, అంటే కోటా గడి నింపకుండా ఉంటే సీటు వచ్చేదే, నింపినందువల్ల పోయింది. ఏ గడి నింపాలన్నది పేద విద్యార్థి తన మార్కులను, ఇతరుల ఎత్తుగడలను ఊహించి ఆడే జూదంగా తయారైంది. 2023 నవంబరులో వచ్చిన 14.723 సంఖ్య చట్టం దీన్ని సరిచేసింది: ఇకపై ప్రతి అభ్యర్థినీ ముందు ఓపెన్‌లో చూస్తారు, అక్కడ రాకపోతేనే కోటాలో చూస్తారు. ఆదాయ పరిమితిని ఒక కనీస వేతనానికి తగ్గించిందీ, పారిపోయిన బానిసల సంతతి సముదాయాలైన కిలొంబోల వారిని కోటాలో చేర్చిందీ కూడా ఆ చట్టమే. వార్తల్లో ఆ రెండింటికే ఎక్కువ చోటు దొరికింది. నా లెక్కలో మాత్రం ఎక్కువమంది జీవితాలను తాకే మార్పు, ముందు ఓపెన్ అన్న ఆ వరసే.

బ్రెజిల్ ఇలా మన సూత్రానికి వచ్చినంత మాత్రాన మన స్లైడింగ్ తలనొప్పి వాళ్లకు పెద్దగా అంటుకోదు. అక్కడ జాబితా కోర్సు వారీగా, క్యాంపస్ వారీగా ఉంటుంది. ఒక క్యాంపస్‌లోని వైద్య కోర్సులో ఓపెన్‌లో నెగ్గినవాడికి అదే కోర్సులోని కోటా సీటు కొత్తగా ఇచ్చేదేమీ లేదు, మారవలసిన అవసరమే రాదు. కాలేజీలన్నిటికీ ఒకే జాబితా పెట్టుకున్న మనకు ఆ సుఖం లేదు. దానికి బదులు వాళ్లకు వేరే చిక్కు ఉంది. నలభై సీట్ల కోర్సులో సగం ఇరవై, అందులో ఆదాయ భాగం పది, అందులో వర్ణం వాటా, 2016 నుంచి వికలాంగుల వాటా అని చీల్చుకుంటూ పోతే ఒక్కో గడిలో ఒకటీ రెండూ సీట్లే మిగులుతాయి. ఆ గడిలో అర్హులు లేకపోతే సీటు ఏ గడిలోకి ఒలకాలన్నది మళ్లీ వరస ప్రశ్నే.

ఎస్సీ వర్గీకరణ తర్వాత మన రెండు రాష్ట్రాలూ కూడా ఇప్పుడు ఆ చోటికే చేరాయి. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉపవర్గీకరణకు అనుమతి ఇచ్చాక, తెలంగాణ 2025లో ఎస్సీల 15 శాతాన్ని మూడు గ్రూపులకు 1, 9, 5గా, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5గా విభజించాయి. 150 సీట్ల కాలేజీలో ఒక శాతం అంటే ఒకటిన్నర సీటు. ఆ అర సీటు ఏ ఏడాది, ఏ కాలేజీకి వెళ్తుందన్నది రోస్టర్, అంటే సీట్లు ఏ వరసలో ఏ వర్గానికి వెళ్తాయో చూపే పట్టిక, చెప్పాలి. మొదటి గ్రూపు విద్యార్థి ఓపెన్‌లో నెగ్గి స్లైడ్ అయితే, ఆమె వదిలిన సీటు ఆ గ్రూపులోనే ఉండాలి, లేదంటే ఆ గ్రూపుకు ఆ కాలేజీలో ఉన్న ఒక్క సీటూ ఖర్చైపోయినట్టే. పెద్ద కేటగిరీలో ఒక సీటు తేడా అంకెల్లో కలిసిపోతుంది, ఒక శాతం గ్రూపులో అదే మొత్తం వాటా.

అమెరికా ఈ కేస్‌లో కొంచెం పక్కకు నిలుస్తుంది, ఎందుకంటే 1978లో అలన్ బాకీ అనే అభ్యర్థి కేసులో వచ్చిన తీర్పు నుంచే అక్కడ జాతి కోటాలు చెల్లవు. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయాల కేసుల తీర్పుతో ప్రవేశాల్లో జాతిని జాతిగా లెక్కలోకి తీసుకోవడమూ ఆగిపోయింది. అయినా ఆ తీర్పులో నన్ను ఆపిన భాగం, హార్వర్డ్‌లో చివరి దశ గురించిన వర్ణన. ఎంపికైన జాబితా సీట్ల కంటే ఎక్కువైనప్పుడు, కొందరిని తీసేయడానికి ఒక పట్టిక తయారుచేసేవారు. అందులో అభ్యర్థి గురించి నాలుగే వివరాలు ఉండేవి: తల్లిదండ్రులు అక్కడ చదివారా, క్రీడాకారుడిగా తీసుకున్నారా, ఆర్థిక సహాయానికి అర్హుడా, జాతి ఏమిటి. కోటా లేని చోట కూడా జాతిని ఏ దశలో చూశారన్నదే కోర్టును ఆలోచింపజేసిన విషయాల్లో ఒకటైంది.

వరస ఎంత పని చేస్తుందో తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ వేరొకటి ఉంది, అది విద్యకు సంబంధించినది కాకపోయినా. హెచ్‌-1బీ లాటరీలో 65,000 మామూలు వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 ఉంటాయి. 2019 దాకా ముందు మాస్టర్స్ లాటరీ తీసి, అందులో రానివాళ్లను 65,000లో కలిపేవారు. 2019లో వరస తిప్పారు: అందరినీ ముందు 65,000లో కలిపి, మిగిలిన మాస్టర్స్ వాళ్లకు ఆ తర్వాత 20,000 లాటరీ. సంఖ్యలు రెండూ అవే, మాస్టర్స్ చేసినవాళ్లకు అవకాశం పెరిగింది. ముందు ఓపెన్, తర్వాత కోటా అన్న మన కౌన్సెలింగ్ సూత్రమే అది. ఆ మార్పును స్వాగతించిన తల్లిదండ్రుల్లో కొందరు ఇక్కడ అదే సూత్రాన్ని వ్యతిరేకించడం నాకు వింతగా అనిపించింది.

ఇక ఆచరణలో ఏం చేయవచ్చన్నది. మొదటిది, కేటాయింపుకు ముందే ఓపెన్ మెరిట్ పరిధిలోకి వచ్చే రిజర్వుడు అభ్యర్థుల జాబితాను, కాలేజీలతో సంబంధం లేకుండా, విడిగా ప్రకటించాలి. ఎవరు మెరిట్ అభ్యర్థి అన్నది మొదటి రౌండులోనే స్థిరపడితే తర్వాతి రౌండ్లలో వాదనకు తావు తగ్గుతుంది. రౌండ్ల మధ్య ఈ గుర్తు చెరిగిపోవడమే నేను చూసిన చిక్కుల్లో ఎక్కువవాటికి మూలం. మొదటి విడతలో స్లైడ్ అయిన విద్యార్థిని రెండో విడతలో మామూలు కేటగిరీ అభ్యర్థిగా చూపించడం, మిగిలిపోయిన సీట్లు నింపే మాప్-అప్ రౌండు నాటికి ఖాళీ అయిన సీటు ఏ ఖాతాలోదో ఎవరికీ తెలియకపోవడం తరచూ జరుగుతుంది.

రెండోది, కేటాయింపు జాబితాలో ఇప్పుడు కనిపించే ర్యాంకు, అభ్యర్థి కేటగిరీ, సీటు కేటగిరీ గడుల పక్కన ఇంకో గడి చేర్చాలి: ఈ సీటు ఎవరి స్లైడింగ్ వల్ల వచ్చింది, లేదా ఈ అభ్యర్థి ఏ ఓపెన్ సీటును వదిలారు. పేర్లు అక్కర్లేదు, ర్యాంకు నంబరు చాలు. ఆ గడి ఉంటే, ఇంటర్ దాకా చదివిన ఏ తల్లో తండ్రో కాలిక్యులేటర్ కూడా లేకుండా, స్లైడ్ అయినవాళ్లెందరో, కేటగిరీకి తిరిగొచ్చిన సీట్లెన్నో సరిచూసుకోగలరు. అది లేని చోట, అదే సమాచారం కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకుని ముప్పై రోజులు ఎదురు చూడాలి, అప్పటికి అనాటమీ తరగతులు మొదలైపోతాయి.